సాయమే గడప తొక్కాలి

తండ్రి లేని బిడ్డకు ఫీజు కడతాం, పుస్తకాలు కొనిస్తాం, రెండు పూటలా అన్నం పెడతామంటే ఏ తల్లీ కాదనదు. అందుకు ప్రతిగా బిడ్డను తెచ్చి మా హాస్టల్లో వదిలిపెట్టమంటే మాత్రం, ఆ సాయం బేరంగా మారిపోతుంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో స్థానిక చర్చిల ద్వారా పేద పిల్లలకు అందుతున్న క్రైస్తవ సేవను ఈ గీటురాయి మీద గీసి చూడాల్సిన సమయం వచ్చింది. ఆ సేవ ఇక్కడ అవసరం. అనుమానంతో దాని గొంతు నొక్కడం తప్పు. అయితే పిల్లల్ని తల్లి ఒడి నుంచి తీసుకుపోయే పద్ధతి ఆగాలి. సాయమే ఆ ఇంటి గడప తొక్కాలి.

ఇది మగవాళ్లను బయటికి పంపి బతికిన నేల. ‘బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి’ అన్న మాట ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో ఊరికే పుట్టలేదు. 2016 అక్టోబరు 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల కొత్త జిల్లాలయ్యాయి గానీ ఇళ్లలో కష్టం పాతదే. కోరుట్ల, మెట్‌పల్లి పల్లెల నుంచి ఏజెంటుకు అప్పు తెచ్చి కట్టి గల్ఫ్ విమానం ఎక్కినవాళ్లలో కొందరు పెట్టెల్లో తిరిగొస్తారు, కొందరి జాడే తెలియదు. సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలు) ఆడితేనే కూలి. 2017లో మొదలైన బతుకమ్మ చీరల ఆర్డర్లు కొన్నేళ్లు ఊపిరి పోశాయి. అవి ఆగాక, ఒక్క సర్కారు ఆర్డరు మీద ఊరి బతుకంతా వేలాడటం ఎంత ప్రమాదమో తెలిసొచ్చింది. నేత కార్మికుల ఆత్మహత్యల వార్తలు ఆ పట్టణాన్ని రెండు దశాబ్దాలకు పైగా వదలడం లేదు.

మగదిక్కు పోయిన ఇంట్లో మిగిలేది బీడీల చాట. పొద్దుగూకే వేళ కోరుట్లలో ఏ బీడీ కార్మికుల వాడకు వెళ్లినా కనిపించేది ఇదే. తల్లి ఒడిలో చాట, అందులో తడిపిన తునికాకు, తంబాకు, దారం. ఆమె ఆకు కత్తిరించి చుడుతుంటే, బడి నుంచి వచ్చిన కూతురు పక్కన కూర్చుని కొసలు మడుస్తుంటుంది. వెయ్యి బీడీల లెక్క తేలితేనే కూలి. ఆకు నాసిరకందైతే ఆ నష్టం తల్లిదే. రాష్ట్ర ప్రభుత్వం 2015 నుంచి బీడీ కార్మికులకు జీవన భృతి, 2017 నుంచి ఒంటరి మహిళలకు పింఛను ఇస్తోంది. 2019లో పెంచాక అది నెలకు 2,016 రూపాయలైంది. ఆ డబ్బు ఇంటిల్లిపాది గంజికే సరి. పదో తరగతి పిల్ల ట్యూషనుకు, కళ్లద్దాలకు, బస్సు చార్జీలకు ఎక్కడి నుంచి రావాలి?

ఆ లోటు దగ్గరే స్థానిక క్రైస్తవ సంఘం నిలబడుతోంది. సాయంత్రం ట్యూషను, ఆదివారం భోజనం, బడులు తెరిచేనాటికి నోటుపుస్తకాలు, జ్వరమొస్తే ఆసుపత్రి ఖర్చు. ఎవరింట్లో పొయ్యి వెలగలేదో పాస్టరమ్మకు తెలిసినంత త్వరగా ఏ దఫ్తరుకూ తెలియదు. చాలా సంఘాల్లో ఆడవాళ్లు వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి పక్కన పెడతారు. కోత పండుగనాడు కానుకగా వచ్చిన ధాన్యం, గుమ్మడికాయ, కోడిపెట్ట వేలం వేసి ఆ సొమ్ము సంఘం పనులకు వాడతారు. అలా ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది తామూ రెక్కాడితే గానీ డొక్కాడనివాళ్లే. చర్చి సేవ అంటే విదేశీ డబ్బేనని తేల్చేసేవాళ్లు ముందు ఈ పిడికెడు బియ్యం సంగతి తెలుసుకోవాలి.

విదేశీ డబ్బు లేదని కాదు. కొరియా యుద్ధ అనాథల కోసం 1952లో మొదలైన కంపాషన్ ఇంటర్నేషనల్ స్థానిక చర్చిల ద్వారానే పనిచేసే సంస్థ. ఒక దాత, ఒక బిడ్డ, నెలనెలా కొంత సొమ్ము అన్నది దాని పద్ధతి. మన దేశంలో దాదాపు 1.45 లక్షల మంది పిల్లలకు అలా సాయం అందేది. 2016లో కేంద్ర హోంశాఖ ఆ సంస్థ నిధులకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసింది. 2017 మార్చిలో అది ఇక్కడ దుకాణం కట్టేసింది. మతమార్పిడులకు డబ్బు మళ్లిందని ప్రభుత్వం అంది, సంస్థ కాదంది. ఆ తగవులో శిక్ష పడింది మాత్రం పిల్లలకే. 2020లో విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని సవరించాక, ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ నిధిని మరో సంస్థకు బదిలీ చేసే వీలే లేకుండా పోయింది. పెద్ద సంస్థ నుంచి చిన్న ఊరి సంఘానికి డబ్బు చేరే కాలువ అక్కడితో తెగింది. లెక్కలు అడగడం సర్కారు హక్కు. ఆ అడగడంలో మంచినీ చెడునూ ఒకే గాటన కట్టడం పాలన అనిపించుకోదు.

కంపాషన్ నమూనాలో ఒక విషయం గమనించదగ్గది. పిల్లలు ఇంట్లోనే ఉండి, బడికి పోయి, ఖాళీ వేళల్లో చర్చిలో నడిచే కార్యక్రమానికి వచ్చేవారు. బ్రూస్ వైడిక్, పాల్ గ్లూవీ, లేన్ రట్‌లెడ్జ్ అనే ఆర్థికవేత్తలు భారత్ సహా ఆరు దేశాల్లో ఈ సాయం పొందినవారిని పెద్దయ్యాక పరిశీలించి, 2013లో జర్నల్ ఆఫ్ పొలిటికల్ ఎకానమీలో ఫలితాలు ప్రకటించారు. సాయం అందినవారు సగటున 1.03 నుంచి 1.46 ఏళ్లు అదనంగా చదివారని తేలింది. బీడీల చాట ముందు కూర్చునే పిల్లకు ఒక్క ఏడాది అదనపు చదువంటే పదో తరగతి గట్టెక్కడం కావచ్చు. తల్లి దగ్గర ఉంచే సాయం పనిచేస్తుందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

మరి దాతలిచ్చే డబ్బు ఎందుకు హాస్టళ్లుగా, అనాథాశ్రమాలుగా మారుతోంది? దాతకు చూపించడానికి భవనం ఉంటుంది, దాని మీద బోర్డు ఉంటుంది, ముందు వరసగా నిలబెట్టిన పిల్లలుంటారు. ఒక వితంతువు ఇంటి అద్దె కడితే ఫొటో రాదు. దేశవ్యాప్తంగా పిల్లల ఆశ్రమాలపై కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ చేయించిన సర్వే నివేదిక 2018లో వెలువడింది. 9,589 ఆశ్రమాల్లో 3.7 లక్షలకు పైగా పిల్లలున్నట్టు, సర్వే నాటికి వాటిలో బాలల న్యాయ చట్టం కింద నమోదైనవి 32 శాతమేనని అది చెప్పింది. ఆ పిల్లల్లో తల్లో తండ్రో బతికి ఉన్నవారు లక్షకు పైనే. పేదరికమే అనాథ అన్న ముద్ర వేస్తోందన్నమాట.

2015 నాటి ఆ చట్టం మూడో సెక్షనే చెబుతోంది: పిల్లల్ని సంస్థల్లో ఉంచడం చిట్టచివరి మార్గం కావాలని. 41వ సెక్షన్ ప్రకారం ప్రతి ఆశ్రమం నమోదు కావాలి, కాకపోతే నిర్వాహకులకు ఏడాది దాకా జైలు, లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ పడతాయి. నమోదు గడువు పాటించాలని సుప్రీంకోర్టు 2017లో గట్టిగా ఆదేశించింది. అయితే 2020లో జాతీయ బాలల హక్కుల కమిషన్ చేసినట్టు, తెలంగాణ సహా ఎనిమిది రాష్ట్రాల్లో ఆశ్రమాల పిల్లల్ని వంద రోజుల్లో ఇళ్లకు పంపండి అనడం కూడా పరిష్కారం కాదు. చేతిలో రూపాయి పెట్టకుండా పంపితే ఆ పిల్ల చేరేది చాట ముందుకో, పదహారేళ్లకే పెళ్లిపీటల మీదికో.

మతమార్పిడి మాట దాటవేయలేం. పెద్దలు తమకు నచ్చిన విశ్వాసాన్ని ఎంచుకోవడం రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చిన హక్కు. దానిలో ఎవరూ వేలు పెట్టనక్కర్లేదు. కానీ ఆకలితో ఉన్న పిల్ల ముందు అన్నం పళ్లెం పెట్టి ప్రార్థన చేయమనడం విశ్వాసానికే అవమానం. సర్కారు గుర్తింపు పొందిన లేదా సర్కారు సాయం తీసుకునే విద్యాసంస్థల్లో సంరక్షకుల అనుమతి లేనిదే పిల్లల్ని మత బోధనలో కూర్చోబెట్టరాదని 28వ అధికరణం మూడో నిబంధన చెబుతోంది. ఆ నియమాన్ని చట్టం అడిగినా అడగకపోయినా ప్రతి చర్చి ట్యూషను గదీ పాటించాలి. మన ప్రాంతంలో దీనికి మరో చిక్కు కూడా ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవం స్వీకరించిన దళితులకు ఎస్సీ హోదా ఉండదు. రాష్ట్రంలో వారు ఒక శాతం రిజర్వేషన్ ఉన్న బీసీ-సీలోకి వెళతారు. నిర్వాహకుడు బడి రిజిస్టర్లో నిర్లక్ష్యంగా రాయించిన ఒక్క మాట ఆ బిడ్డ సీటును, ఉద్యోగాన్ని మార్చేయగలదు. పిల్లల పేర్లు, మతం, కులం కాలమ్‌లు తల్లి చెప్పినట్టే ఉండాలి. ఇక ప్రతి భోజనంలో కుట్ర వెతికేవాళ్లకు ఒకటే ప్రశ్న: ఆ తల్లి చాట ముందు కూర్చుని మీరెప్పుడైనా మీ బిడ్డ ఫీజు ఎంతమ్మా అని అడిగారా?

అడగాల్సిన మొదటి బాధ్యత ప్రభుత్వానిది. 2022 నాటి మిషన్ వాత్సల్య మార్గదర్శకాల ప్రకారం తండ్రి పోయిన, తల్లిని వదిలేసిన, తల్లిదండ్రులు ప్రాణాంతక వ్యాధితో ఉన్న కుటుంబాల పిల్లలకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఇవ్వవచ్చు. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 రూపాయలు మించకూడదు. చాట మీద బతికే ఇల్లు ఏదైనా ఈ గీత లోపలే ఉంటుంది. అడ్డం పడేది కాగితాలే. మరణ ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా, బడి హాజరు. గల్ఫ్‌లో చనిపోయినవాడి కాగితాలు అరబ్బీలో వస్తాయి. జాడ తెలియనివాడికైతే అసలు కాగితమే ఉండదు. ఏడేళ్లు ఆచూకీ లేకుంటే గానీ చట్టం అతన్ని చనిపోయినట్టు భావించదు. ఆ ఏడేళ్లూ అతని భార్య అటు వితంతువూ కాదు, ఇటు సంసారీ కాదు. ఆమె బిడ్డ మాత్రం ఒకటో తరగతి నుంచి ఎనిమిదో తరగతికి వస్తుంది.

ఇక్కడే చర్చికి అసలైన పని ఉంది. మీసేవ కేంద్రం దాకా తల్లి వెంట నడవడం, దరఖాస్తు నింపడం, అరబ్బీ కాగితం తర్జుమా చేయించడం, మంజూరు వచ్చేదాకా ఆ నాలుగు వేలలో కొంతైనా తాను భరించడం. యాకోబు పత్రిక దిక్కులేని పిల్లలను, వితంతువులను ఒకే వాక్యంలో పెట్టింది. పిల్లల్ని హాస్టల్లో ఉంచి తల్లిని వాడలో వదిలేస్తే ఆ వాక్యంలో సగమే పాటించినట్టు. కుడిచేయి ఇచ్చేది ఎడమచేతికి తెలియనివ్వొద్దన్న బోధను నమ్మేవాళ్లు, పిల్లల చిరిగిన చొక్కాల ఫొటోలు దాతల ఫోన్లకు పంపడం తక్షణం మానుకోవాలి.

సంఘాలు చేయాల్సినవి ఇంకా ఉన్నాయి. వచ్చిన రూపాయి, ఖర్చైన రూపాయి చర్చి గోడ మీద తెలుగులో అతికించాలి. నమోదు లేని హాస్టల్ ఏదైనా నమోదు చేయించాలి, లేదా మూయాలి. బాలల సహాయవాణి 1098 నంబరు పిల్లలకు కనపడే ఎత్తులో రాయాలి. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే సంఘ పెద్దలు పంచాయితీ చేయకూడదు. పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, దాచినవారికీ శిక్ష ఉంది.

జగిత్యాల, సిరిసిల్ల కలెక్టర్లు స్పాన్సర్‌షిప్ కమిటీలకు అధ్యక్షులు. వాళ్లు బాలల పరిరక్షణ విభాగాన్ని, అంగన్‌వాడీలను, పాస్టర్లను, ఇమాములను, ఆలయ కమిటీలను ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి, తల్లి బతికి ఉండీ ఆశ్రమాల్లో ఉన్న ప్రతి బిడ్డ జాబితా తీయాలి. వచ్చే జూన్‌లో బడులు తెరిచేలోగా, నెల డబ్బు ఖాతాలో పడ్డాకే, ఒక్కొక్కరినీ ఇంటికి చేర్చాలి. గల్ఫ్‌లో జాడ తెలియనివారి భార్యలకు ఏడేళ్ల నిరీక్షణ లేకుండా తహసీల్దారు విచారణతోనే స్పాన్సర్‌షిప్ ఇచ్చేలా రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు తేవాలి. కేంద్రం లెక్కలు సక్రమంగా ఉన్న సంస్థల నిధులకు అడ్డుపడటం మానాలి. చర్చి, సర్కారు ఒకరి లోపాన్ని చూపి మరొకరు తప్పించుకునే రోజులు చెల్లాయి. బిడ్డకు చదువు కావాలంటే తల్లిని వదులుకోవాలన్న షరతు ఎవరు పెట్టినా, దేవుడి పేరుతో పెట్టినా, ప్రభుత్వం పేరుతో పెట్టినా, ఈ మూడు పట్టణాలు ఒప్పుకోకూడదు.