మత వైవిధ్యం పాఠంలో కులానికి చోటేది?

ప్రతి విద్యాసంవత్సరం మొదటి వారంలో కొత్తగా చేరిన విద్యార్థులను రెండు ప్రశ్నలు అడగడం నాకు అలవాటు. మీ ఊళ్లో ఏయే మతాల వాళ్లున్నారన్నది మొదటిది. హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు అని తడుముకోకుండా చెబుతారు. మీ ఊళ్లో ఎన్ని శ్మశానాలున్నాయన్నది రెండోది. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడరు. తర్వాత ఒకరు నాలుగంటారు, మరొకరు ఆరంటారు. ఊరి శ్మశానం వేరు, మాలలది వేరు, మాదిగలది వేరు అని లెక్క విడమరుస్తారు. ‘మా ఊళ్లో చర్చిలు కూడా రెండున్నాయి సార్’ అని వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు అందుకుంటారు. మొదటి జవాబు బడి నేర్పింది. రెండో జవాబు ఊరు నేర్పింది. ఒకే ఊరికి సంబంధించిన ఈ రెండు జవాబులు పాఠ్యపుస్తకంలో కలుసుకోవడం బహు అరుదు. ప్రజాధనంతో నడిచే బడుల్లో మత వైవిధ్యాన్ని ఎలా బోధించాలన్న చర్చ అనేక దేశాల్లో దశాబ్దాలుగా సాగుతోంది. ఆ చర్చను ఈ రెండో జవాబు వైపు నుంచి చూడవలసిన అవసరం ఉంది.

ఒక మతాన్ని బోధించడం వేరు, మతాల గురించి బోధించడం వేరు. 1963లో అబింగ్టన్ స్కూల్ డిస్ట్రిక్ట్ వర్సెస్ షెంప్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ప్రభుత్వ బడుల్లో ఉదయం పూట జరిపించే బైబిల్ పఠనం చెల్లదని 8–1 మెజారిటీతో తీర్పిచ్చింది. తీర్పు రాసిన జస్టిస్ టామ్ క్లార్క్ అక్కడితో ఆగలేదు. మతాల చరిత్రను, తులనాత్మక అధ్యయనాన్ని లౌకిక విద్యలో భాగంగా నిష్పాక్షికంగా బోధించడానికి రాజ్యాంగం అడ్డు రాదని స్పష్టం చేశారు.

ఈ విచక్షణను మన రాజ్యాంగ సభలో అంబేడ్కర్ అంతకు పదిహేనేళ్ల ముందే చూపారు. 1948 డిసెంబర్ 7న, నేడు 28వ అధికరణగా ఉన్న నిబంధనపై జరిగిన చర్చకు ఆయన సమాధానమిచ్చారు. అందరి పన్నులతో నడిచే సంస్థలో ఒకరి మతాన్ని బోధించడం న్యాయం కాదన్నారు. ప్రతి మతమూ తానొక్కటే సరైన దారి అని చెప్పుకుంటుంది కనుక ఆ వివాదాలను బడిలోకి తెస్తే అక్కడి ప్రశాంతత చెడుతుందన్నారు. అదే చర్చలో, మత సిద్ధాంతాన్ని నమ్మమని చెప్పడానికీ మతాన్ని అధ్యయనం చేయడానికీ చాలా తేడా ఉందని, నిషేధం మొదటిదానికే వర్తిస్తుందని వివరించారు. జీవితాంతం అన్ని మతాలనూ చదివి, ప్రశ్నించి, చివరకు 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బౌద్ధాన్ని స్వీకరించిన మనిషి అధ్యయనానికి తలుపు మూయకపోవడంలో ఆశ్చర్యం లేదు. తర్వాత 1964–66 నాటి కొఠారి కమిషన్ కూడా ఈ తేడాను పాటిస్తూనే ప్రధాన మతాల గురించిన సమాచారం పాఠ్యాంశంగా ఉండాలని సూచించింది. 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు కూడా మతాల గురించి బోధించడం 28వ అధికరణను ఉల్లంఘించదని చెప్పింది. కాబట్టి మన దేశంలో మతాల గురించి చెప్పవచ్చా అన్న ప్రశ్న తీరిపోయినట్టే. ఏం చెప్పాలి, ఎవరి నోట చెప్పించాలి అన్నవే మిగిలాయి. ఇతర దేశాల అనుభవం అక్కడ మనకు అక్కరకొస్తుంది.

ఇంగ్లండ్‌లో 1944 విద్యా చట్టం ప్రభుత్వ బడుల్లో మత విద్యను తప్పనిసరి చేసింది. పిల్లలను ఆ తరగతి నుంచి తప్పించే హక్కు తల్లిదండ్రులకిచ్చింది. వలసలతో సమాజం మారాక 1988 చట్టం, క్రైస్తవ సంప్రదాయానికి ప్రాధాన్యమిస్తూనే దేశంలోని ఇతర ప్రధాన మతాలను కూడా లెక్కలోకి తీసుకోవాలని నిర్దేశించింది. స్థానికంగా ఏర్పడే సమావేశాల్లో చర్చి ప్రతినిధులు, ఇతర మతాల ప్రతినిధులు, ఉపాధ్యాయులు కూర్చుని పాఠ్యప్రణాళికను ఖరారు చేస్తారు. చూడటానికి ఇది ప్రజాస్వామికమైన ఏర్పాటే. అయితే ప్రతి మతానికీ ఒక ప్రతినిధి అన్నప్పుడు ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారు? పంజాబ్ నుంచి వలసవెళ్లి బ్రిటన్‌లో స్థిరపడిన రవిదాసీలనే తీసుకోండి. 2011 జనగణనలో 11 వేల మందికి పైగా తమ మతం రవిదాసీ అని ప్రత్యేకంగా రాసుకున్నారు. క్రైస్తవం, ఇస్లాం, హిందూ, సిక్కు, బౌద్ధ, యూదు అని ఆరు గళ్లు గీసిన పాఠంలో ఆ ఇంటి పిల్లవాడు ఏ గడిలో నిలబడాలి? అతని తాత ముత్తాతలు గురుద్వారాలో ఎదుర్కొన్న వివక్ష ఏ పాఠంలోకి వస్తుంది? కులాన్ని సమానత్వ చట్టంలో చేర్చాలని 2013లో పార్లమెంటు నిర్దేశించగా, కోర్టు తీర్పుల రక్షణ చాలునంటూ 2018లో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. చట్టంలో పేరు దక్కని వివక్షకు పాఠంలో పేరు దక్కుతుందని ఎలా ఆశించగలం?

నార్వే అనుభవం మరో పాఠం నేర్పుతుంది. అక్కడ 1997లో అన్ని మతాలనూ, జీవన దృక్పథాలనూ కలిపి పిల్లలందరికీ ఒకే సబ్జెక్టుగా ప్రవేశపెట్టారు. మతవిశ్వాసం లేని కొందరు మానవవాద తల్లిదండ్రులు దాన్ని సవాలు చేశారు. 2007లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 9–8 తేడాతో వారి వాదనను ఆమోదించింది. పాఠ్యాంశంలో క్రైస్తవం వాటా పరిమాణంలోనే కాక స్వభావంలోనూ ఎక్కువైందని, మినహాయింపు కోరే పద్ధతి తల్లిదండ్రులకు భారంగా ఉందని తేల్చింది. వైవిధ్యం అన్న పేరు పెట్టినంత మాత్రాన మెజారిటీ మతం పెత్తనం పోదు. 2022లో గుజరాత్ ప్రభుత్వం 6 నుంచి 12 తరగతుల వరకు భగవద్గీతను పాఠ్యాంశాల్లో చేరుస్తున్నట్టు ప్రకటించినప్పుడు కూడా విలువల విద్య అన్న పేరే వినిపించింది.

మన విషయానికి అన్నిటికంటే దగ్గరైనది కాలిఫోర్నియా వివాదం. అక్కడి ప్రభుత్వ బడుల్లో ఆరో తరగతి పిల్లలు ప్రాచీన నాగరికతల చరిత్రలో భాగంగా భారతదేశాన్ని, హిందూ, బౌద్ధ మతాలను చదువుతారు. 2005లో కొత్త పాఠ్యపుస్తకాలను ఆమోదించే సందర్భంలో వేదిక్ ఫౌండేషన్, హిందూ ఎడ్యుకేషన్ ఫౌండేషన్ అనే సంస్థలు పెద్ద సంఖ్యలో సవరణలు ప్రతిపాదించాయి. కులం, అంటరానితనం గురించిన వాక్యాలను తొలగించడం లేదా పలచన చేయడం అందులో ఒక భాగం. స్త్రీల కంటే పురుషులకు ఎక్కువ హక్కులుండేవన్న వాక్యాన్ని స్త్రీ పురుషుల ధర్మాలు, హక్కులు వేరువేరుగా ఉండేవన్న అర్థం వచ్చేలా మార్చాలన్నది మరొకటి. అసమానతకు ‘భిన్నత్వం’ అనే అందమైన ముసుగు ఎలా తొడుగుతారో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. హార్వర్డ్ ఆచార్యుడు మైఖేల్ విట్జెల్, మరికొందరు చరిత్రకారులు అభ్యంతరం చెప్పారు. అమెరికాలోని దళితులు విద్యామండలి ముందుకొచ్చి తమ చరిత్రను తుడిచేయవద్దని కోరారు. 2006లో మండలి వివాదాస్పదమైన సవరణలను తోసిపుచ్చింది. హిందూ అమెరికన్ ఫౌండేషన్ కోర్టుకెళ్లగా, మండలి అనుసరించిన ప్రక్రియలో లోపాలున్నాయన్న కోర్టు పుస్తకాలను మాత్రం రద్దు చేయలేదు. పదేళ్ల తర్వాత, 2016లో పాఠ్యప్రణాళిక చట్రాన్ని సవరిస్తున్నప్పుడు అదే వివాదం మళ్లీ రాజుకుంది. ఈసారి దళిత, ముస్లిం, సిక్కు బృందాలు, దక్షిణాసియా చరిత్ర అధ్యాపకులు మరింత సంఘటితంగా తమ వాదన వినిపించారు. కులం ప్రస్తావన నిలిచింది.

ఈ వివాదంలో రెండో పక్షం చెప్పిన మాటను కూడా న్యాయంగా వినాలి. ఆ పుస్తకాల్లో నిజంగానే తప్పులున్నాయి. హిందీని అరబిక్ లిపిలో రాస్తారని ఒక పుస్తకం చెప్పింది. హిందూ మతమంటే కులం, ఆవు, అనేక తలల దేవుళ్లు అన్నట్టు చూపితే తరగతిలో ఉన్న ఒకరిద్దరు భారతీయ పిల్లలు తోటివారి వెటకారానికి గురవుతారన్నది తల్లిదండ్రుల ఆందోళన. అక్కడి తెలుగు కుటుంబాల్లోనూ ఈ ఆందోళన ఉంది. పదకొండేళ్ల పిల్లను ‘నీదే కులం’ అని తోటి పిల్లలు నిలదీయడం ఎవరికీ సమ్మతం కాకూడదు. కానీ ఆ తరగతిలోనే మరో పిల్ల కూడా కూర్చుని ఉండవచ్చు. తమ ఇంటి పేరు, కులం బయటపడకుండా జాగ్రత్తపడే దళిత కుటుంబం నుంచి వచ్చిన పిల్ల. మొదటి పిల్ల సిగ్గుపడకూడదని రెండో పిల్ల చరిత్రను చెరిపేస్తామా? తప్పులను దిద్దాలి, సగం చెప్పిన చరిత్రను పూర్తి చేయాలి. కులాన్ని ప్రశ్నించిన బుద్ధుడు, కబీర్, రవిదాసు, ఫూలే, అంబేడ్కర్ కూడా అదే నేల బిడ్డలని చెబితే, కులం ఉపఖండంలోని క్రైస్తవ, ముస్లిం, సిక్కు సమాజాల్లోకి కూడా పాకిందని చెబితే, ఏ ఒక్క పిల్లా తలదించుకోనవసరం లేదు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది. అదే ఏడాది అలాంటి బిల్లును కాలిఫోర్నియా చట్టసభ ఆమోదించినా గవర్నర్ వీటో చేశారు. బడిలో మొదలైన వాదన అలా కొలువుల దాకా, చట్టసభల దాకా పాకింది.

మతం లోపలి అన్యాయాన్ని కూడా పాఠంలో చెప్పవచ్చా అన్న సందేహానికి దక్షిణాఫ్రికా చరిత్రలో జవాబుంది. వర్ణవివక్ష పాలనలో ‘క్రైస్తవ జాతీయ విద్య’ పేరిట బడి మొత్తం ఒకే మతానికి, ఒకే జాతి ఆధిక్యానికి లోబడి ఉండేది. డచ్ రిఫార్మ్‌డ్ చర్చి జాతుల వేర్పాటుకు బైబిల్ నుంచే సమర్థన వెతికింది. డెస్మండ్ టుటు, అలన్ బోసక్ వంటి క్రైస్తవులు అదే బైబిల్ పట్టుకుని ఆ పాలనను ఎదిరించారు. 1982లో ప్రపంచ రిఫార్మ్‌డ్ చర్చిల కూటమి వర్ణవివక్షకు చేసే మత సమర్థనను మతద్రోహంగా ప్రకటించింది. స్వేచ్ఛ వచ్చాక విద్యామంత్రి కాదర్ అస్మల్ హయాంలో 2003లో వచ్చిన జాతీయ విధానం మతాల గురించిన విద్యను బడి బాధ్యతగా, మత బోధనను కుటుంబాల, మతసంస్థల బాధ్యతగా విడదీసింది. దక్షిణాఫ్రికా క్రైస్తవం గురించి చెప్పే ఏ ఉపాధ్యాయుడైనా చర్చి చేసిన పాపాన్నీ, చర్చి లోపలి నుంచే లేచిన తిరుగుబాటునూ రెంటినీ చెప్పకుండా ఆ పాఠం ముగించలేడు. మన దగ్గర కులం గురించి, మతం గురించి చెప్పవలసిన తీరు కూడా అదే.

తెలుగు నేల మీద అలాంటి పాఠానికి సామగ్రి కొరత లేదు. 1876–78 కరువు కాలంలో ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ పనుల ద్వారా నిరుపేదలకు కూలి కల్పించారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వారిలో అత్యధికులు మాదిగలు. ఈ సంఘటనను ‘క్రైస్తవ మత వ్యాప్తి’ అన్న ఒక్క వాక్యంతో దాటేస్తే పిల్లలకు ఏమీ తెలియదు. వారు దేని నుంచి బయటపడాలనుకున్నారు, చర్చిలో చేరాక కులం వారిని వదిలిందా అని అడిగితే అది చరిత్ర పాఠమవుతుంది. అక్కడి నుంచి 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు దాకా రావచ్చు. ఎస్సీ హోదాను మతంతో ముడిపెట్టిన ఆ ఉత్తర్వును 1956లో సిక్కు దళితులకు, 1990లో బౌద్ధ దళితులకు వర్తింపజేశారు. క్రైస్తవ దళితులు నేటికీ దాని వెలుపలే ఉండి, తెలుగు రాష్ట్రాల్లో ఒక శాతం రిజర్వేషనున్న బీసీ–సీ జాబితాలో మిగిలారు. ఆదివారం చర్చికెళ్లి, బడి రికార్డులో హిందువుగా నమోదయ్యే పిల్లలు మన తరగతుల్లో ఉన్నారు. తమ మతమేదో నిర్భయంగా చెప్పుకోలేని ఆ పిల్లల ముందు మత వైవిధ్యం గురించి ఏ ముఖం పెట్టుకుని పాఠం చెబుతాం?

గ్రామ దేవతలదీ ఇదే కథ. పోచమ్మ, ఎల్లమ్మ, మైసమ్మలను కొలిచే పద్ధతిలో పూజారి, నైవేద్యం, వాద్యం అన్నీ ఆగమ ఆలయాలకు భిన్నమైనవి. చిందు కళాకారులు ఆడే జాంబపురాణం సృష్టి కథను మాదిగల వైపు నుంచి చెబుతుంది. పీర్ల పండుగకు నిప్పుల గుండం తొక్కేవారిలో ముస్లింలు కానివారు ఎందరో. వీటిని ‘జానపద విశ్వాసాలు’ అనే పెట్టెలో పడేసి, సంస్కృత గ్రంథాలున్నదే మతం అని నేర్పే పుస్తకం వైవిధ్యం పేరుతోనే వైవిధ్యాన్ని కత్తిరిస్తోంది.

కనుక మన విద్యావిధాన కర్తల ముందుంచవలసిన కోర్కెలు స్పష్టంగానే ఉన్నాయి. ప్రభుత్వ బడిలో ఏ మతాన్నీ నమ్మమని చెప్పకూడదు. ఉదయపు ప్రార్థన నుంచి పరీక్ష ప్రశ్న దాకా ఈ నియమం వర్తించాలి. మతాల గురించి మాత్రం తప్పక చెప్పాలి. పక్కింటి వాడి పండుగ తెలియని పిల్లవాడికి రేపు వాట్సాప్ పుకార్లే గురువులవుతాయి. పాఠం రాసే సంఘాల్లో మఠాధిపతులకు, మత పెద్దలకు బదులు చరిత్రకారులు, ఉపాధ్యాయులు ఉండాలి. ఆయా మతాల్లో అట్టడుగున నిలబెట్టబడిన వారికి, అంటే దళితులకు, ఆదివాసులకు, పస్మాందా ముస్లింలకు, స్త్రీలకు అందులో స్థానం ఉండాలి. ప్రతి మతం గురించీ రెండు విషయాలు చెప్పడం తప్పనిసరి కావాలి. అది మనిషికి ఏ ఊరటనిచ్చింది అన్నది ఒకటి, ఏ మనిషిని గడప బయట నిలబెట్టింది అన్నది రెండోది. ఈ పాఠాన్ని పిల్లల్లో ఎవరినీ వేలెత్తి చూపకుండా చెప్పే నేర్పును ఉపాధ్యాయ శిక్షణలో అందించాలి.

ఇవన్నీ జరిగినా ఊళ్లోని శ్మశానాలు రేపే ఒకటి కావు. అవి ఎందుకు వేరయ్యాయో కనీసం బడిలో అడగగలిగితే, నా తరగతిలో రెండో ప్రశ్న తర్వాత వచ్చే ఆ మౌనం కొంతైనా తగ్గుతుంది.