లెక్క వ్రాసేది ఒకరు, జవాబు చెప్పేది మీరు

పూర్వం చిట్టా, ఆవర్జాలు గల్లాపెట్టె ప్రక్కనే ఉండేవి. నేడు చిన్న వర్తకులు చాలామంది బిల్లుల కట్టను నెలకొకసారి బయటి అకౌంటెంటుకు పంపి నిశ్చింతగా ఉంటున్నారు. అందులో తప్పు లేదు. జీతమిచ్చి గుమాస్తాను పెట్టుకునే స్తోమత అందరికీ ఉండదు. కాని జి.ఎస్.టి. పోర్టల్‌లో నమోదైన ఫోన్ నంబరు ఎవరిది? అది కూడా అకౌంటెంటుదే అయితే ఓటీపీలు, నోటీసులు ఆయనకే చేరుతాయి. ఆయన పని మానేసినా యజమానికి కబురందదు. నెలవారీ రిటర్ను ఆగితే రోజుకు 50 రూపాయల చొప్పున ఆలస్య రుసుము (పరిమితి ఉందనుకోండి), పన్ను బాకీపై ఏటా 18 శాతం వడ్డీ. వరుసగా 6 నెలలు ఆగితే రిజిస్ట్రేషనే రద్దు కావచ్చు. చట్టం అడిగేది యజమానినే.

అప్పు పత్రం వ్రాసుకోమనే అల్ బఖరా 282వ ఆయతు దివ్య ఖుర్ఆన్‌లోకెల్లా పొడవైనది. అక్కడ వ్రాసేవాడు లేఖకుడే అయినా, చెప్పి వ్రాయించవలసింది బాకీ ఉన్నవాడు. మన ఏర్పాటూ అలాగే ఉండాలి. పోర్టల్‌లో నంబరు మీదే పెట్టండి. పన్ను సొమ్మును నగదుగా ఆయన చేతికివ్వక, చలానాపై మీ ఖాతా నుండే చెల్లించండి. రిటర్ను దాఖలైన రసీదు ప్రతి నెలా అడగండి. ఇంట కామర్స్ చదివే కుమార్తె ఉంటే ఈ పరిశీలన ఆమెకు అప్పగించండి, పావుగంట పని.