ఈనెలు పసుపెక్కిన బెండ చెట్టును పీకేద్దాం, ఊరంతా కలిసి

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల కూరగాయల రైతులకు మనవి.

బెండాకు పసుపుబారగానే యూరియా వేస్తున్నాం, లేదంటే అంగట్లో ఇచ్చిన మందు కొడుతున్నాం. ముందు ఆ ఆకు తెంపి ఎండకెత్తి చూడండి. నత్రజని చాలకపోతే కింది ముదురాకు మొత్తం పాలిపోతుంది. ఇనుము చాలకపోతే లేతాకు పసుపుబారినా ఈనెలు పచ్చగానే ఉంటాయి. ఈనెలే వల అల్లినట్టు పసుపు తేలితే అది శంఖు రోగం. అది వైరస్. దానికి ఎరువు పనిచేయదు.

ఎండను పట్టి చెట్టుకు తిండి తయారుచేసేది ఆకులోని పత్రహరితం. వైరస్ దాన్నే పోగొడుతుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పిండిపదార్థంగా మార్చే పనీ మందగిస్తుంది. మన సీమలో ఎండకు కొదవ లేదు, కానీ రోగమొచ్చిన ఆకు దాన్ని వాడుకోలేదు. అందుకే చెట్టు గిడసబారుతుంది, కాయ తెల్లబడి పీచు తేలుతుంది, మార్కెట్లో ఎవరూ ముట్టరు. మొలిచిన 35 రోజుల్లోపే సోకితే దిగుబడి 90 శాతానికి పైగా పోవచ్చు.

1924లోనే బొంబాయి ప్రాంతంలో ఈ రోగాన్ని గుర్తించారు. నూరేళ్లు దాటినా సోకిన చెట్టును బాగుచేసే మందు రాలేదు. పర్భణి క్రాంతి, అర్క అనామిక రకాలు ఒకప్పుడు బాగా తట్టుకున్నాయి. ఇప్పుడు చాలాచోట్ల వాటికీ సోకుతోంది. వైరస్‌ను మోసేది ఆకు అడుగున ఉండే తెల్లదోమ. పైరిత్రాయిడ్ మందులు పదేపదే కొడితే ఆ దోమ ఇంకా పెరుగుతుంది.

పూత మీదున్న చెట్టును పీకాలంటే ఎవరికైనా చేయి రాదు. కానీ ఆ ఒక్క చెట్టును ఉంచితే తోటంతా పోతుంది, పక్కవాడి తోటా పోతుంది. ముందురోజు లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె కలిపి కొట్టండి. మరునాడు తెల్లారుజామున, దోమ చురుగ్గా ఎగరకముందే పీకి, సంచిలో మూటకట్టి పూడ్చేయండి. గెనాల మీది అడవిబెండనూ వదలొద్దు. దోమ లోపలికి రాకుండా తోట చుట్టూ రెండు మూడు సాళ్లు జొన్న గానీ మొక్కజొన్న గానీ విత్తండి.

రైతు సేవా కేంద్రాలు విత్తనంతో పాటే తెల్లదోమను పట్టే పసుపు జిగురు అట్టలు ఇవ్వాలి. రోగం ఊరంతా పాకాక ఇస్తే ఏం లాభం? అంగళ్లవాళ్లు వైరస్‌కు మందని చెప్పి సీసాలు అంటగట్టడం మానాలి, వ్యవసాయ అధికారులు దీనిపై తనిఖీ చేయాలి.

ఒక్కడు పీకి పక్కవాడు ఉంచుకుంటే ఫలితం ఉండదు. బెండ విత్తే ముందే ఊళ్లో అందరూ కూర్చోండి, కౌలు రైతులనూ పిలవండి. విత్తిన మూడో వారం నుంచి ప్రతి వారం ఏ రోజు తోటలు తిరిగి పీకాలో అక్కడే ఖాయం చేసుకోండి.