జీతము లేని రాయబారము

1950 ప్రాంతమున ఢిల్లీ, రంగూన్, బాంకాక్ నగరములలోని అమెరికను, బ్రిటిషు దౌత్య కార్యాలయములకు బదిలీపై వచ్చిన ఉద్యోగి భార్య, పెట్టెలు సర్దుకొనీ సర్దుకొనకమునుపే విజిటింగ్ కార్డులు చేతబట్టి, అత్తవారింట క్రొత్తకోడలు పెద్దలకు నమస్కరించి వచ్చినట్లు, పై అధికారుల భార్యల గడపలన్నియు త్రొక్కి రావలసియుండెను. కార్డు మూల మడిచినచో స్వయముగా వచ్చితినని భావము, పెన్సిలుతో పి.పి.సి. అని వ్రాసినచో సెలవు పుచ్చుకొనుచున్నానని భావము. ఇంత మాటాడగల ఆ కార్డుపై అచ్చయిన పేరు మాత్రము శ్రీమతి అను మాటకు తగిలించిన భర్త పేరే.

పంక్తిభేదము పాపమని మన పెద్దలందురు; రాయబారి యింటి విందులో భేదము పాటింపకుండుటయే అపచారము. ముఖ్యాతిథి గృహిణికి కుడిప్రక్కన కూర్చుండవలెను. రాయబారులలో పెద్దఱికము వయస్సునుబట్టి గాక, పదవిని ముందు చేపట్టినదెవరను దానినిబట్టి నిర్ణయింపవలెను. గోమాంసము ముట్టని హిందువును, పందిమాంసము ముట్టని మహమ్మదీయుని, ఏ మాంసమునూ ముట్టని శాకాహారిని ఒక్క బల్లకడ తృప్తిపఱుపవలెను. తుదిగడియలో ఒక్క అతిథి రాలేనని కబురంపెనా, కుర్చీల వరుస మరల మొదటినుండి కూర్చవలసినదే. ఇది భర్త చేసినచో రాజనీతి, భార్య చేసినచో ఇంటిపని!

ఇంటిపనియే యైనచో ప్రభుత్వమునకు దానితో ప్రమేయమేమి? 1972 వఱకు అమెరికా విదేశాంగశాఖలో భర్త పనితీరు నివేదికయందు భార్య నడవడిని గూర్చియు వ్రాయుచుండిరి. మార్కులు గలవు, జీతము లేదు. ఆ యేట ఆమె ప్రభుత్వోద్యోగి కాదని ఒప్పుకొని ఆ పద్ధతి మానిరే గాని, అంతవఱకు చేయించుకొన్న చాకిరికి లెక్క చూడలేదు.

మన దేశమును తక్కువ తినలేదు. 1949లో విదేశాంగ సర్వీసున చేరిన తొలి మహిళ సి.బి. ముత్తమ్మ. స్త్రీ అధికారి వివాహమాడుటకు అనుమతి పొందవలెననియు, సంసారము విధులకు అడ్డమని తోచినచో ఆమెను రాజీనామా కోరవచ్చుననియు 1961 నాటి నియమము శాసించెను. 1979లో ముత్తమ్మ సుప్రీంకోర్టు కెక్కగా, న్యాయమూర్తి వి.ఆర్. కృష్ణయ్యర్ అందలి వివక్షను తీవ్రముగా గర్హించిరి.

పెండ్లి ఒక్కటియే, మగవాని లెక్కలో అది కూడిక, ఆడుదాని లెక్కలో తీసివేత. దౌత్యచరిత్రలు వ్రాయువారు ఇకనైనను ఆ కూడికలో కలిసిపోయిన రెండవ అంకెను, దాని సొంత పేరుతో వ్రాయవలెను.