పండక్కి పందెం బిళ్లలు

కోనసీమ ఇళ్లలో సంక్రాంతి సరదా పేకాటకి చింతపిక్కలే లెక్క. చిక్కల్లా ఒకటే... వంటింటి డబ్బాలోంచి నాలుగు పిక్కలు జేబులో వేసుకొస్తే ఎవరు పట్టుకుంటారు?

సొంత బిళ్లలు చేయించుకుంటే సరి. క్యాసినో బిళ్ల వెడల్పు సుమారు 39 మిల్లీమీటర్లు. కొబ్బరిచిప్పతో ఆ సైజు కోస్తే వంపు మిగిలి దొంతర నిలవదు. ఏటికొప్పాక లక్కబొమ్మలకి వాడే అంకుడు కర్ర మేలు. లేతు మీద తిరుగుతుండగానే రంగు లక్క పట్టేస్తుంది. అమెరికా అలవాటులో తెలుపు 1, ఎరుపు 5, ఆకుపచ్చ 25, నలుపు 100. అంచుమీద ఇంటిగుర్తుగా రెండు గీతలు పెట్టించండి. దొంతరలో దొంగబిళ్ల ఇట్టే తెలిసిపోతుంది.

బిళ్లల్ని డబ్బుకి మాత్రం మార్చొద్దు. రమ్మీలో నేర్పుందని సుప్రీంకోర్టు 1967లో చెప్పింది గానీ, మూడుముక్కలాటకి ఆ మినహాయింపు ఇవ్వలేదు.