జల్లెడ ఆపలేని ధూళి

ఇసుకను రాళ్ల నుండి వేరు చేయుటను మన దేశంలో ఒక వృత్తిగా ఎవరూ లెక్కించరు. ఏటవాలుగా నిలబెట్టిన ఇనుప జాలీ మీదికి పొద్దస్తమానం పారతో ఇసుక విసరే స్త్రీని మేస్త్రీ కూలీ అంటాడు. కాంట్రాక్టరు ఆమె పేరును మస్టరులో వ్రాయనే వ్రాయడు. ఆమె లేకుండా ఒక్క గోడకైనా నున్నని పూత పడదు.

జాలీ పైన గులకరాళ్లు, మట్టిగడ్డలు, వేర్లు నిలుస్తాయి. కిందికి ఇసుక దిగుతుంది. కాంక్రీటులో వాడే ఇసుక 4.75 మిల్లీమీటర్ల జల్లెడ నుండి దిగవలెనని భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 383 నిర్దేశిస్తున్నది. అయితే ఈ పనిలో వేరుపడే మూడవ పదార్థం ఒకటున్నది. అది మిల్లీమీటరులో నూరవ వంతు కన్న సన్నని ధూళి. ముఖానికి చుట్టుకొన్న తుండుగుడ్డ దానిని ఆపజాలదు. అది ఊపిరితిత్తుల అడుగుకు చేరి, అక్కడనే ఉండిపోతుంది.

నదులను కాపాడవలసినదే, ఆ విషయమై మనకు వివాదం లేదు. చిన్న ఇసుక రీచులకు సైతం పర్యావరణ అనుమతి ఉండవలెనని సుప్రీంకోర్టు 2012లో ఆదేశించింది. ఆ తరువాత రాతిని పిండిచేసి తీసే 'రోబో ఇసుక' వాడుక దేశమంతటా పెరిగింది. యంత్రం కింద అప్పుడే పగిలిన పలుగురాతి ధూళి పాత ధూళి కన్న ఎక్కువ హానికరమని వైద్యులు చెబుతున్నారు. నది మీది భారాన్ని దించి కార్మికుని రొమ్ము మీద పెట్టుట ఏ పర్యావరణ రక్షణ? రాతి ఇసుకలో 75 మైక్రాన్ల కన్న సన్నని పొడి 15 శాతం వరకు ఉండవచ్చునని అదే ప్రమాణం లెక్కగట్టింది. కట్టడంలోని పొడిని కొలిచే ఇంజనీరు ప్రతి పని వద్దకు వస్తాడు. క్రషరు వద్ద గాలిని కొలిచే ఇన్‌స్పెక్టరును చూచినవారెవరు?

ఇందుకు ఫలితమేమిటో గుజరాత్‌లోని గోధ్రా పరిసరాల పలుగురాతి మిల్లులు చూపినవి. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా, అలీరాజ్‌పూర్ ప్రాంతాల ఆదివాసులు అక్కడికి వలసపోయి, సిలికోసిస్‌తో తిరిగివచ్చి, ఇళ్ల వద్ద మరణించారు. మరణించిన 238 మంది కుటుంబాలకు తలా 3 లక్షల రూపాయలు చెల్లించవలెనని జాతీయ మానవ హక్కుల కమిషన్ 2010లో సిఫారసు చేసింది. చెల్లింపుకై సుప్రీంకోర్టు 2016లో ఆదేశించవలసివచ్చింది! ఆ జబ్బుకు మందు లేదు. పని మానినా అది ఆగదు. పైగా క్షయ అని పొరబడి నెలల తరబడి మందులు మింగించుట మామూలైపోయింది.

యాజమాన్యాల వాదన ఒకటున్నది: తడి ఇసుక జాలీ కన్నులను మూసివేస్తుంది, కనుక పొడిగానే జల్లించాలట. ఇది సగం నిజం. కొద్దిపాటి చెమ్మ ఉంటే కన్నులు పూడుకొనుట వాస్తవమే. కాని ధారాళంగా నీరు వదలి జల్లిస్తే ఇసుక నీటితోపాటు దిగిపోతుంది, మట్టి కూడ కడుక్కుపోతుంది. ఆ నీటిని తొట్టెలో తేర్చి మరల వాడుకొనవచ్చును. నీరు లేని చోట జల్లెడకు మూత వేసి ధూళిని గొట్టం ద్వారా లాగివేయవచ్చును. ఇవి కొత్తగా కనిపెట్టవలసిన విద్యలు కావు. అడ్డం వస్తున్నది ఇసుక స్వభావం కాదు, లాభం.

చట్టం సంగతి మరీ విచిత్రం. విద్యుత్తు వాడే చోట 10 మంది పనిచేస్తే ఫ్యాక్టరీ అని 1948 చట్టం అన్నది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా కోడ్ ఆ సంఖ్యను 20కి పెంచింది. ఊరి చివర పదిహేను మందితో నడిచే క్రషరు యజమానికి ఇంతకు మించిన కానుక ఏమున్నది?

సిలికోసిస్ చాలామందిలో ఏండ్లు గడచిన తరువాతనే బయటపడుతుంది. అప్పటికి కాంట్రాక్టరు మారి ఉంటాడు, క్రషరు మూతపడి ఉంటుంది. నీవు అక్కడ పనిచేసినట్లు రుజువేదీ అని అధికారి అడుగుతాడు. పేరు వ్రాయకుండుటలోని మర్మమంతా ఇదే. గనులు, రాతిపనులు అధికంగా గల రాజస్థాన్ 2019లో ఈ జబ్బుపై ప్రత్యేక విధానం ప్రకటించింది. తక్కిన రాష్ట్రాల కార్మిక శాఖలను మన శాఖలు ఈ ప్రశ్నపై నిలదీయవలసియున్నది.

జల్లెడ పట్టే ప్రతి స్త్రీ పురుషుని పేరు మొదటి రోజే మస్టరుకెక్కాలి. పనిచేసిన చోటు, కాలం తెలిపే చీటీ వారి చేతిలో ఉండాలి. ఏటా ఎక్స్‌రే యజమాని ఖర్చుతో తీయించాలి. ఆ ఫిల్ము కార్మికుని వద్దనే ఉండాలి, ఆఫీసు బీరువాలో కాదు.