బానెట్ ఎత్తడం వస్తేనే బండి మనది

మా జీపుకి ఈ ఏడాదితో 15 ఏళ్లు నిండుతాయి. రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలా, అమ్మేయాలా అని ఇంట్లో రోజూ గొడవే. బాబాయ్ అమ్మేయమంటున్నారు, నేను ఉంచుదామంటున్నాను.

మాది పాత థార్, డీఐ ఇంజను. 1947లో మహీంద్రా వాళ్లు మన దేశంలో కూర్చడం మొదలుపెట్టిన విల్లీస్ జీపు పోలికలే దీనికీ ఉంటాయి. అందరూ ఆ లుక్ చూసి ఫొటోలు దిగుతారు. నాకు నచ్చింది మాత్రం బానెట్ కింద ఉంది. ఎత్తితే ఏ పార్టు ఎక్కడుందో కనిపిస్తుంది, చెయ్యి దూరుతుంది.

పోయిన సెలవుల్లో గురజాల నుంచి పిడుగురాళ్ల వెళ్తుంటే దారిలో డీజిల్ అయిపోయింది. ముల్లు చూసుకోకపోవడం నా తప్పే. క్యాన్‌తో తెచ్చి పోసినా స్టార్ట్ కాలేదు. "గాలి పట్టిందిరా, పానా ఇటియ్యి" అన్నారు నాన్న. ఫిల్టర్ మీద స్క్రూ కాస్త వదులు చేసి, నన్ను చేతిపంపు కొట్టమన్నారు. ముందు బుడగలు వచ్చాయి, తర్వాత వట్టి డీజిల్. స్క్రూ బిగించి సెల్ఫ్ కొడితే రెండోసారికి ఇంజను అందుకుంది. పైపులో గాలి ఉంటే పంపు ఆ గాలినే నొక్కుతుంది గానీ డీజిల్ ముందుకు పోదట. మనం ల్యాబ్‌లో డీబగ్గింగ్ అంటున్నది ఇదే కదా! నాన్న ఆ మాట ఎప్పుడూ విని ఉండరు.

మా వైపు దుమ్ము ఎక్కువ. పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గర అయితే చెప్పనక్కర్లేదు. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే నల్లపొగ వస్తుంది, మైలేజీ పడిపోతుంది. అందుకే నాన్న సర్వీసు తేదీ కోసం ఆగరు, తరచూ విప్పి చూస్తారు.

బాబాయ్ మాటలో న్యాయం లేకపోలేదు. మా జీపులో ఎయిర్‌బ్యాగులు లేవు. కొత్త బండ్లు పొగ తక్కువ వదులుతాయి. బ్రేకులు, స్టీరింగ్, ఇంజెక్షన్ పంపు జోలికి మేమూ పోము, అవి మెకానిక్ పనే. కానీ బాబాయ్ కొత్త కారులో పసుపు లైటు వెలిగితే, అదెందుకు వెలిగిందో తెలుసుకోవడానికే గుంటూరు పోవాలి. సెన్సార్లు వద్దని నేను అనను. అవి చెప్పేది ఓనర్‌కి కూడా అర్థం కావాలంటున్నాను.

ఇది నా ఒక్కడి గోల కాదు. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'రైట్ టు రిపేర్' మీద కమిటీ వేసింది. ఫోన్లు, వ్యవసాయ పరికరాలతో పాటు వాహనాలనూ అందులో చేర్చింది. రేపు ఆ బండ్లలో కోడ్ రాసేది మన సీఎస్ఈ వాళ్లమే. ఎర్రర్ మెసేజ్ మామూలు మనిషికి అర్థమయ్యేలా రాయాలో, తాళం వేసి దాచాలో అప్పుడు మన చేతుల్లోనే ఉంటుంది.

జీపు సంగతి ఇంకా తేలలేదు. "ముందు ఇంజను ఆయిల్ నువ్వు మార్చి చూపించు, రెన్యువల్ గురించి తర్వాత మాట్లాడదాం" అన్నారు నాన్న. ఈ ఆదివారం ఇంటికెళ్తున్నాను. మీ ఇంట్లోనూ బండి ఉంటే, ఈసారి సెలవులకి వెళ్లినప్పుడు కనీసం బానెట్ ఎత్తి చూడండి.